కుట్టు పట్టే చోటు

చిరిగినది కంటబడితే అతని చేతులు ఊరుకోవు. ఎవరింటికైనా వెళితే కుర్చీలో కూర్చోకముందే దాని అంచు తడిమి చూస్తాడు. బస్సెక్కితే ముందు సీటుకు ఊడిపోయిన కుట్టును చూసి, దిగేదాకా లోలోపల నలిగిపోతాడు. "ఒక్క టాకా వేస్తే సరిపోయేదిగా!" అన్నది అతని ఊతపదం. అందుకే బజారంతా అతన్ని టాకా మేస్త్రి అంటుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవర్నో అనుకుని ఈయన కూడా వెనక్కి తిరిగి చూస్తాడని భార్య వేళాకోళం చేస్తుంది.

టైర్ల షాపుకీ బ్యాటరీల షాపుకీ నడుమ ఇరుక్కున్న రేకుల గది అతని కొట్టు. స్కూటర్ సీట్లు, బస్సు సీట్లు, సెలూన్ కుర్చీలు, పంటి డాక్టర్ల కుర్చీలు, మనిషి కూర్చునేది ఏదైనా సరే, దానికి కొత్త చర్మం తొడిగి పంపిస్తాడు. చొక్కా కాలరు మడత వెనక లావుపాటి సూది ఒకటి ఎప్పుడూ గుచ్చి ఉంటుంది. మిషను వెళ్లలేని మూలల్లో దానితోనే పని. అది అక్కడ ఉందన్న సంగతే అతనికి గుర్తుండదు. మన చెవులు మనకు గుర్తుంటాయా ఏమిటి?

అంత పనిమంతుడికీ లొంగనిది ఒకటుంది. ఏళ్ల తరబడి ఎండకు ఎండి బిరుసెక్కిన రెక్సిన్. పైకి బాగానే కనిపిస్తుంది. సూది దించితే చాలు, ఒక్కో బెజ్జమూ పక్క బెజ్జంతో కలిసిపోయి, కుట్టు పొడుగునా విచ్చుకుపోతుంది. అలాంటిది ఎవరైనా తెస్తే బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూసి, "ఇది కుట్టు పట్టదండీ" అని పక్కకు నెట్టేస్తాడు. ఎలాగోలా చూడు మేస్త్రీ అని ఎంత బతిమాలినా వినడు. ఆ మాట అన్నాక ఎదుటివాళ్ల మొహం ఎలా ఉందో ఏనాడూ చూసిన పాపాన పోలేదు. తెగేసి చెప్పడమే నిజాయితీ అని అతని లెక్క.

అలాంటి మనిషికి కిడ్నీలు రెండూ చెడిపోయాయి. రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్లి, చేతికి గొట్టాలు పెట్టించుకుని, రక్తం శుభ్రం చేయించుకుని, పిండేసిన గుడ్డలా ఇంటికి చేరడం మొదలై ఏళ్లు గడిచాయి. మంచినీళ్లు కూడా గుక్కల లెక్కన తాగాలి. అయినా అలవాట్లు ఎక్కడికి పోతాయి? ఒకసారి ఎడమ చేతికి గొట్టాలు ఉండగానే, కుడి చేత్తో ఆ డయాలసిస్ కుర్చీ చిరుగుకే టాకాలు వేస్తూ నర్సుకు దొరికిపోయాడు. ఆవిడ పెట్టిన చీవాట్లకు చుట్టూ ఉన్న రోగులంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆ తర్వాత రావడం మానేశారు. వాళ్ల కుర్చీల్లోకి కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నారు. పాతవాళ్లు ఏమయ్యారని అక్కడ ఎవరూ అడగరు. మేస్త్రీ అడగలేదు గానీ, అప్పటినుంచి అతని గుండెల్లో భయం కాపురం పెట్టింది.

అలాంటప్పుడు ముందుకొచ్చింది అక్క. ఆవిడ ఒక ఆడపిల్లల బడి గేటు దగ్గర కాపలా ఉంటుంది. ఆవిడ ఒక్క కేక వేస్తే రోడ్డు మీద బండ్లవాళ్లు హారన్ కొట్టడం మానేస్తారు. చిన్నతనంలోనే తల్లి పోతే, తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. పరీక్షలన్నీ చేసి ఆవిడ కిడ్నీ సరిపోతుందని చెప్పిన రోజున, "రెండున్నాయి కదరా, ఒకటి నీ మొహాన కొడతాను, పో" అంది. బావ ఏదో అనబోతే, "నా ఒంట్లోది నేనిచ్చుకుంటాను, మధ్యలో మీకేం నొప్పి?" అని ఆయన నోరు మూయించింది. మేస్త్రి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అక్కకు భయం అనేది ఒకటి ఉంటుందని అతనికి తోచలేదు. ఆమాటకొస్తే ఎవరికీ తోచలేదు.

ఇక అంతా కుదిరిందనుకున్న సమయంలో, ఆపరేషన్ చేయబోయే డాక్టరు ఇంకో స్కానింగ్ తీయాలన్నాడు.

"కొత్త కిడ్నీని పాతవాటి చోట పెట్టం. ఇదిగో, ఇక్కడ పెడతాం" అంటూ మేస్త్రి పొట్ట దిగువన, తొడ మొదలుకు కాస్త పైన వేలు పెట్టి చూపించాడు. "గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం పొట్టలో రెండు కొమ్మలుగా చీలి, రెండు కాళ్లవైపూ దిగుతుంది. ఆ కొమ్మల్లో ఒకదానికి కొత్త కిడ్నీ నాళాన్ని కుట్టాలి. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి ఆ గోడల్లో కాల్షియం పేరుకుంటుంది. సున్నం అనుకోండి. ఎక్కడ ఎంత ఉందో ముందే కొలుచుకోవాలి."

"ఎక్కువుంటే ఏమవుతుంది సర్?"

"గోడ బిరుసెక్కిపోతుంది. సూది దిగదు. దిగినా విచ్చుకుపోతుంది."

ఇంకొకరికైతే ఇది బొమ్మ గీసి చెప్పాల్సి వచ్చేది. మేస్త్రికి మాత్రం ముఖాన నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"అంటే కుట్టు పట్టదు" అన్నాడు.

"అదే. అప్పుడిక ఆపరేషన్ కుదరదు. ఎన్నాళ్లయినా డయాలసిస్సే."

ఎన్నాళ్లయినా అంటే ఎన్నాళ్లో ఇద్దరికీ తెలుసు. డాక్టరు చెప్పలేదు, మేస్త్రి అడగలేదు. ఇంటికొచ్చి భార్యతో, "ఏదో ఫొటో తీస్తారట, పెద్ద పనేం కాదు" అన్నాడు. అన్నాక బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని, డాక్టరు చూపించిన చోట బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకున్నాడు. చర్మం మీది నుంచి ఏం తెలుస్తుంది పాపం! అయినా మళ్లీ మళ్లీ నొక్కాడు. నొక్కినకొద్దీ లోపల ఏదో గట్టిగా తగులుతున్నట్టే అనిపించి చెమటలు పట్టాయి.

స్కానింగ్ రోజున ఆ చల్లటి గదిలో అతని పళ్లు టకటకలాడాయి. చలికో, భయానికో అతనికే తెలియలేదు. స్కానింగ్ తీసే అమ్మాయి బయట పెద్ద వరస ఉందన్న హడావిడిలో ఉంది.

"అంకుల్, ఉంగరం, గొలుసు, బెల్టు, తాళాలు, చిల్లర, ఏదున్నా తీసేసి ఈ గౌను వేసుకుని రండి" అని ఆకుపచ్చ గౌను ఒకటి చేతిలో పెట్టింది.

బట్టలు మార్చుకునే గది అలమారంత ఉంది. గౌను తొడుక్కుని చూస్తే, కుడి నడుం దగ్గర కట్టుకునే నాడా సగం ఊడి వేలాడుతోంది. ఇంకెవరైనా చేత్తో పట్టుకుని వచ్చేసేవారు. మన మేస్త్రి ప్రాణం ఊరుకుంటుందా? కొక్కేనికి తగిలించిన చొక్కా కాలరులోంచి సూది లాగి, చొక్కా అంచునుంచే పోగు ఒకటి పీకి ఎక్కించి, నిలబడ్డచోటే టాకాలు వేయడం మొదలెట్టాడు. మొదలెట్టగానే పళ్ల టకటక ఆగింది. స్కానింగూ సున్నమూ అన్నీ ఒక్క నిమిషం మరిచిపోయాడు. "అంకుల్, అయిందా?" అని బయటి నుంచి కేక వినబడేసరికి ఉలిక్కిపడి, పోగు పంటితో తెంపి పరిగెత్తుకొచ్చాడు.

"ఇనుము ఏమీ లేదుగా?"

"లేదమ్మా."

మిషను అతన్ని లోపలికి లాక్కుంది. ఊపిరి బిగపట్టమంది, వదలమంది. బయటికొచ్చాక బల్ల మీద పడుకునే ఉండి, అద్దం అవతలికి చూశాడు. ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని కనుబొమలు ముడిచింది. పక్క గదిలో ఎవర్నో పిలిచింది. తలుపు ఓరగా తీసి ఉంది.

"ఇదేంటి, కుడివైపంతా తెల్లగా మెరిసిపోతోంది? ఇలా ఉంటే కొలవడం ఎలా కుదురుతుంది?" అన్న మాటలు చెవిన పడ్డాయి.

మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైందమ్మా?"

"ఏం లేదంకుల్. డాక్టర్ గారే చెప్తారు."

ఆ మాట ఎంతమందిని చంపిందో ఆ పిల్లకు తెలియదు. మేస్త్రి గౌను విప్పి బుట్టలో పడేసి, చొక్కా గుండీలు ఒకదాంట్లో ఒకటి తప్పుగా పెట్టుకుని వీధిలో పడ్డాడు.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు వచ్చేదాకా అతను మనుషుల్లో లేడు. కాలరు తడుముకుంటే సూది లేదు. ఏళ్లుగా ఉన్నది ఉన్నట్టుండి ఎక్కడ పోయిందో అర్థం కాక కొట్టంతా వెతికాడు, ఇల్లంతా వెతికించాడు. అది పోవడం కూడా ఏదో చెడుకే అనిపించింది. భయపడినవాడికి ప్రతిదీ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది కదా.

అదే సమయంలో వీధి చివరి సెలూన్ అతను తన పాత కుర్చీ సీటు మోసుకొచ్చాడు. మేస్త్రి బొటనవేలితో నొక్కాడు. రాయిలా ఉంది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు మొదటిసారి తలెత్తి, తెచ్చినవాడి మొహం చూశాడు. సెలూన్ అతను కళ్లలో ప్రాణాలు పెట్టుకుని మేస్త్రి బొటనవేలునే చూస్తున్నాడు.

"ఉంచి వెళ్లు. చూస్తాను."

"మేస్త్రీ, ఒంట్లో బాగానే ఉందా?" అని సెలూన్ అతను అనుమానంగా అడిగాడు.

ఆ సీటు మీద మేస్త్రి తన పనితనమంతా ఒలకబోశాడు. నూనె రాసి ఎండలో పెట్టాడు. వేడి గుడ్డతో అద్దాడు. ఉన్న సూదుల్లో సన్నటిది తీసి, ఊపిరి బిగపట్టి ఒక కుట్టు వేశాడు. నిలిచింది. రెండోది నిలిచింది. మూడోది లాగుతుండగా సన్నటి చప్పుడు చేస్తూ మూడు బెజ్జాలూ కలిసిపోయి సీటు అడ్డంగా చీలింది. మేస్త్రి సూది కింద పెట్టేసి, రెండు చేతులూ పొత్తికడుపు మీద పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది.

అక్క వచ్చింది అప్పుడే. బడి వదిలాక అటునుంచి అటే వచ్చినట్టుంది, భుజాన సంచీ ఉంది.

"మొహం ఏంట్రా అలా పీక్కుపోయింది? మరదలు అన్నం పెట్టడం లేదా?"

ఎవరికీ చెప్పకూడదనుకున్నవాడు కాస్తా అక్కను చూసేసరికి కక్కేశాడు.

"అంతా తెల్లగా ఉందట అక్కా. కొలవడానికి కూడా కుదరదంటున్నారు. కుట్టు పట్టదు. నాకు తెలిసిపోయింది."

అక్క సంచీ కిందికి దించింది. లోపల ఎప్పటినుంచో బిగపట్టి ఉంచిన ఊపిరి మెల్లగా వదిలింది.

"అయితే ఇక కుదరదంటావా?"

"కుదరదనే అనుకుంటున్నా."

"ఆ పిల్లకేం తెలుసు? డాక్టర్ని చెప్పనీ" అని తమ్ముడి తల నిమిరింది. ఇంకేదో చెప్పబోయి మానేసి, సంచీ తీసుకుని తల దించుకుని వెళ్లిపోయింది. తన కోసం పాపం ఎంత కుంగిపోయిందో అనుకున్నాడు మేస్త్రి.

డాక్టరు గదిలోకి భార్యాభర్తలిద్దరే వెళ్లారు. అక్క బయట బెంచీ మీదే ఉంటానంది. గోడకున్న తెర మీద మేస్త్రి పొట్ట అడ్డంగా కోసినట్టు ముక్కలు ముక్కలుగా బూడిదరంగులో కనిపిస్తోంది. వాటి మధ్య కోడిగుడ్డు పెంకుల్లాంటి తెల్లటి పెచ్చులు.

"ఈ తెల్లవన్నీ సున్నమే" అన్నాడు డాక్టరు. "పెద్ద నాళంలో ఉంది, చీలే దగ్గర ఇంకా దట్టంగా ఉంది. ఎడమ కొమ్మంతా నిండిపోయింది. అటువైపు ఇక వదిలేయాలి. కుడివైపు చూద్దామంటే..."

కుడివైపు తెల్లటి మెరుపు గీతలు నాలుగు వైపులా చిమ్మి, అడుగున ఉన్నదాన్నంతా కప్పేశాయి.

"ఇది సున్నం కాదు. ఇంత మెరుపు ఇనుముకే వస్తుంది. మీకు ఇక్కడ ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా?"

"లేదు సర్."

"మరి ఈ ఇనుప ముక్క లోపలికెలా వచ్చింది?"

మేస్త్రికి గురువు గుర్తొచ్చాడు. పని నేర్చుకునే రోజుల్లో సూది పెదాల మధ్య పెట్టుకుంటే గురువు నెత్తిన మొట్టి, "మింగావంటే ఒళ్లంతా తిరిగి ఎక్కడో తేలుతుందిరా" అనేవాడు. అయినా ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సూది కనబడకుండా పోయింది కూడా.

"మింగేసినట్టున్నాను సర్" అన్నాడు.

"ఏం మింగారు?"

"సూది."

డాక్టరు అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, గబగబా ఇంకో బొమ్మ తెరిచాడు. అది మొత్తం ఒంటిని నిలువునా తీసిన మొదటి ఫొటో. తుంటి దగ్గర సన్నటి తెల్లటి పుల్ల. పెద్దది చేసి చూశాడు. పుల్ల ఒక చివర మొనదేలి ఉంది. రెండో చివర చిన్న బెజ్జం.

"అయ్యో, ఇది మీ సూదేనండీ!" అంది భార్య తెర దగ్గరికి వెళ్లిపోయి. "ఇల్లంతా వెతికించారుగా! ఇక్కడెందుకుంది?"

మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. నాడా. టాకాలు. బయటి నుంచి కేక. పోగు తెంపి, చేతిలో సూదిని అలవాటు ప్రకారం దగ్గరున్న మడతలో గుచ్చేశాడు. గౌనుతో సహా మిషనులోకి వెళ్లాడు.

"గౌను చిరిగి ఉంది సర్. ఒక్క టాకా వేస్తే సరిపోతుందని..."

డాక్టరు కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. భార్య నెత్తి కొట్టుకుంటూ నవ్వింది. మేస్త్రి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ పోయిందనుకున్న ఆశ మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చుంది. పోయిందనుకున్నప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ భయమేసింది.

వెంటనే మళ్లీ స్కానింగ్ తీయించారు. ఈసారి ఆ అమ్మాయి గౌనును అంగుళం అంగుళం తడిమి చూసింది.

"ఇనుము ఉందా అని అడిగాను కదంకుల్! లాండ్రీలో ఒకాయన వేలికి గుచ్చుకుందట, గోల గోల చేశాడు."

"సూది కూడా ఇనుమే అని తట్టలేదమ్మా" అన్నాడు మేస్త్రి సిగ్గుతో చచ్చిపోతూ.

కొత్త ఫొటోలు తెర మీదికొచ్చాయి. కంప్యూటరు గోడల్లోని ఒక్కో సున్నపు చుక్కకూ రంగు వేసి ఎంతుందో లెక్కగట్టింది. డాక్టరు ఆ లెక్కను ఒక్కసారి చూసి వదిలేసి, పై నుంచి ఒక్కో ముక్కా కిందికి జరుపుతూ వచ్చాడు. పెచ్చులు. ఇంకా పెచ్చులు. కుడి కొమ్మ మొదలు. అక్కడా పెచ్చులే. మేస్త్రి తెర చూడటం మానేసి డాక్టరు మొహం చూస్తున్నాడు. సెలూన్ అతను తన బొటనవేలును ఎలా చూశాడో అలాగే. భార్య చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడో కూడా తెలియదు.

డాక్టరు వేలు ఆగింది. కొంచెం వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు జరిపాడు.

"ఇక్కడ" అన్నాడు. "మీ సూది సరిగ్గా ఈ ముక్కనే కప్పేసింది. చూడండి, వెనక గోడలో కాస్త ఉంది గానీ ముందు గోడ మెత్తగా ఉంది. వేలెడంత మేర."

"కుట్టు..."

"పడుతుంది. కష్టమైన చోటే, పూచీ అయితే ఇవ్వలేను. కానీ చెయ్యొచ్చు. చేద్దాం."

మేస్త్రి లేచి దణ్ణం పెట్టాలో, కూర్చునే ఏడవాలో తెలియక రెండూ చేశాడు. భార్య ఇంటికి ఫోన్ చేసి చెబుతానంటూ మెట్లవైపు పరిగెత్తింది. అతను గోడ పట్టుకుంటూ అక్క దగ్గరికి వెళ్లాడు.

"పడుతుందట అక్కా! ఒక్క చోట మెత్తగా ఉందట. చేస్తామన్నారు!"

ఆవిడ వేసే కేకకు ఆసుపత్రి దద్దరిల్లుతుందని అనుకున్నాడు. ఆవిడ కేక వేయలేదు. ఒళ్లో ఉన్న సంచీని రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"ఎప్పుడట?"

"తొందర్లోనే. ఏంటక్కా, అలా ఉన్నావు?"

"ఆ రోజు నీ కొట్లో, అంతా తెల్లగా ఉందట అన్నావు చూడు."

"ఊఁ."

"అప్పుడు అమ్మయ్య అనుకున్నాన్రా."

అతనికి అర్థం కాలేదు.

"నన్నిక కొయ్యరు కదా అనుకున్నాను. నా తమ్ముడు చచ్చిపోతాడేమోనన్న మాట వింటూ అమ్మయ్య అనుకున్నాను. నేనసలు మనిషినేనా?" ఆవిడ గొంతు గేటు దగ్గరి గొంతులా లేదు. "నాకు బల్ల మీద పడుకోవాలంటే భయంరా. మత్తు అంటే భయం. అమ్మ కూడా ఇలాగే, ఇప్పుడే వచ్చేస్తానని చెప్పి, చిన్న ఆపరేషనేనని చెప్పి లోపలికెళ్లింది. నిన్ను నా చంకలో పెట్టి వెళ్లింది. నీకేం గుర్తుంటుంది? ఆ తలుపు నాకింకా కళ్ల ముందే ఉంది."

మేస్త్రి ఆవిడ చేతుల వంక చూశాడు. వణుకుతున్నాయి. ఇన్నాళ్లూ తన పొట్ట నొక్కి చూసుకున్నాడే తప్ప, ఆ చేతుల్ని ఒక్కసారీ చూడలేదు. వద్దులే అక్కా, నువ్వు ఇవ్వొద్దు అనాలి. మనిషన్నవాడు ఎవడైనా అనేది అదే. అందామనే నోరు తెరిచాడు. మాట గొంతుదాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. డయాలసిస్ గదిలో ఖాళీ అయిన కుర్చీలు గుర్తొచ్చాయి. అతనికి బతకాలని ఉంది. సిగ్గు లేకుండా, కడుపు నిండా బతకాలని ఉంది.

తెరిచిన అతని నోటి వంక అక్క చూసింది.

"వద్దని మాత్రం అనకురా" అంది గబగబా. "మొహమాటానికి కూడా అనకు. నువ్వు ఒక్కసారి అన్నావంటే, నేను సరే అనేస్తాను."

మేస్త్రి నోరు మూసుకున్నాడు. వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని, ఆ వణికే చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అవి వణకడం ఆగలేదు, అతనివీ ఆగలేదు. భార్య ఫోన్ ముగించుకుని వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. అతను వద్దని అనలేదు.